పేషెంట్ తాలూకు ఎవరు?

"పదకొండో బెడ్డు! పేషెంట్ తాలూకు ఎవరు?"

గుంటూరులో ఒక ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు. ఫిబ్రవరి నెల, ఉదయం పదిన్నర. రౌండ్స్ ఇప్పుడే అయ్యాయి. వరండాలో చాపలు పరుచుకుని పడుకున్నవాళ్ళు, ఫ్లాస్కులో టీ తెచ్చుకుంటున్నవాళ్ళు ఒక్కసారిగా తలలెత్తారు. గోడకు ఆనుకుని కూర్చున్న ముగ్గురు లేచారు. అరవై దాటిన పెద్దమ్మ, ఆమె కొడుకు, కోడలు. మీరూ వాళ్ళ వెనకే లోపలికి రండి. వచ్చేముందు మాత్రం ఆ మూల పంపు దగ్గర సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇవాళంతా చేతులతోనే పని.

బెడ్డు మీద పెద్దాయన. వినుకొండ వైపు ఊరు. రెండు వారాల కిందట మిరపచేలో కూలబడిపోయాడు. ఎండదెబ్బ అనుకుని ఊళ్ళోనే సెలైన్ పెట్టించి, తెల్లారాక ఇక్కడికి తెచ్చారు. వచ్చింది పక్షవాతం. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి. ఆ వేళ రాత్రే దాటిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మింగుడు పడటం లేదు కాబట్టి ముక్కులోంచి కడుపులోకి గొట్టం. మంచం పక్కన యూరిన్ బ్యాగు. "ప్రాణానికి గండం తప్పింది. రేపు డిశ్చార్జి రాస్తాం, ఇక ఇంటి దగ్గర చూసుకోండి" అన్నారు డాక్టరుగారు. అని పక్క బెడ్డుకు వెళ్ళారు. ఆయన తప్పేమీ లేదు, చూడాల్సినవాళ్ళు ఇంకా వరస కట్టి ఉన్నారు. కానీ "ఇంటి దగ్గర" ఏం చూసుకోవాలో ఈ ముగ్గురికీ తెలియదు. ఆ సంగతి తెలిసిన మనిషి వార్డు సిస్టరమ్మ. అందుకే పిలిచింది.

"నేను ఒకసారి చేసి చూపిస్తా. తర్వాత మీరు చెయ్యాలి, నేను చూస్తా. ముగ్గురూ చెయ్యాలి. సాయంత్రం ఇంకోసారి, రేపు పొద్దున ఇంకోసారి" అంది సిస్టరమ్మ.

ముందుగా పెద్దాయన్ని ఎడమవైపుకు ఒత్తిగిలబెట్టి, నడుము కింద తోకఎముక దగ్గర చూపించింది. ఎండకు నల్లబడ్డ ఒళ్ళు, ఎరుపు అంత సులువుగా కనపడదు. దగ్గరకు వంగి చూడండి. రూపాయి బిళ్ళంత మేర ఊదారంగు నీడలా ఉంది. "వేలితో నొక్కి వదులమ్మా." కోడలు నొక్కి వదిలింది. రంగు మారలేదు. "ఇప్పుడు చెయ్యి తిరగేసి వేళ్ళ వెనకవైపు ఆనించు. ఎట్టా ఉంది?"

"వెచ్చగా ఉంది మేడం. కొంచెం గట్టిగా కూడా."

"అదే పడకపుండుకు మొదలు. చర్మం ఇంకా చిట్లలేదు, ఇవాళ పట్టించుకుంటే తగ్గిపోద్ది. వదిలేస్తే లోపల కండ కుళ్ళి ఎముక దాకా పోద్ది."

"కొబ్బరినూనె పెట్టి రుద్దమంటావా తల్లీ?" అని పెద్దమ్మ.

"అక్కడ మాత్రం రుద్దొద్దమ్మా. రుద్దితే లోపల ఇంకా దెబ్బ తింటది. దానిమీద బరువు పడకుండా చూడటమే మందు."

రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఎడమవైపు, వెల్లకిలా, కుడివైపు, మళ్ళీ ఎడమవైపు. పడిపోయిన కుడివైపు మాత్రం తక్కువసేపు. వీపు వెనక దిండు దోపి, మనిషిని సగం వాలులో ఉంచాలి. మోకాళ్ళ మధ్య ఒక దిండు. పిక్కల కింద ఒకటి, మడమలు పరుపుకు తగలకుండా గాలిలో ఉండేలా. కింద పరిచిన దుప్పటిలో ముడతలు ఉండకూడదు. కొడుకు ముందుకొచ్చి తండ్రి కుడిచెయ్యి పట్టుకుని తనవైపుకు లాగబోయాడు. సిస్టరమ్మ గబుక్కున అడ్డుపడింది. "ఆ చెయ్యి పట్టి లాగొద్దు బాబూ, భుజం జారుద్ది. దాన్ని పట్టి ఉంచే కండ ఇప్పుడు పనిచెయ్యట్లేదు." మోకాలు మడిచి, ఒక చెయ్యి తుంటి మీద, ఇంకోటి భుజం వెనక పెట్టి దొర్లించాలి. తన నడుము వంచకుండా మోకాళ్ళు వంచాలి. రెండోసారికి అతనికి పట్టు దొరికింది. పెద్దాయన నొప్పితో మూలగలేదు. ఆ ఇంటికి రాబోయే నెలల్లో ఇదెంత పెద్ద సంగతో మీరే చూస్తారు.

ఇక గొట్టం. ముక్కు అంచున గొట్టం మీద మార్కర్‌తో ఒక గీత గీసి ఉంది. "ఈ గీత ముక్కు దగ్గరే ఉందా లేదా, పోసే ముందు ప్రతిసారీ చూడాలి. గీత కదిలినా, సిరంజితో లాగితే కడుపులోది రాకపోయినా పోయొద్దు. గొట్టాన్ని మీ అంతట మీరు లోపలికి నెట్టనే నెట్టొద్దు. అది ఊపిరితిత్తుల వైపు పోయిందంటే మనిషి దక్కడు." తల వైపు మంచం ఎత్తింది, మనిషి సగం కూర్చున్నట్టుగా. యాభై మిల్లీలీటర్ల సిరంజిలోంచి పిస్టన్ తీసేసి, గొట్టానికి తగిలించి, గుడ్డలో వడకట్టిన రాగిజావ పోసింది. నెట్టలేదు. దానంతటదే దిగుతోంది. సిరంజి ఎత్తితే వేగం పెరుగుతుంది, దించితే తగ్గుతుంది. మధ్యలో దగ్గు వచ్చినా, ఆయాసం వచ్చినా, పెదాలు నల్లబడినా ఆపెయ్యాలి. అయ్యాక మంచినీళ్ళు పోసి గొట్టం కడగాలి. అరగంట, వీలైతే గంట, తల దించకూడదు.

"మాత్రలు?" అని కోడలు అడిగింది. మంచి ప్రశ్న అని సిస్టరమ్మ మొహమే చెబుతోంది. మెత్తగా నూరి, ఒక్కొక్కటి విడిగా నీళ్ళలో కలిపి పోయాలి. కానీ కొన్ని మాత్రలు నూరకూడదు. అవి నెమ్మదిగా కరగడానికి చేసినవి, నూరితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. చీటీ తీసుకుని వాటి పక్కన పెన్నుతో గుర్తులు పెట్టింది. వాటికి బదులు వేరేవి రాయించాలని తన నోటుబుక్కులో రాసుకుంది.

"నోట్లో ఏమీ పొయ్యట్లేదు గదా, నోరు కడగక్కర్లేదేమో" అన్నాడు కొడుకు. చాలామంది ఇలాగే అనుకుంటారు. తినని నోట్లోనే పాచి ఎక్కువ పేరుకుంటుంది. ఆ లాలాజలం ఊపిరితిత్తుల్లోకి జారితే నిమ్ము చేస్తుంది. తడి గుడ్డ వేలికి చుట్టి, చిగుళ్ళూ నాలుకా రోజుకు రెండుమూడుసార్లు తుడవాలి. ఆ పని పెద్దమ్మ చేసింది. పసిపిల్లలను పెంచిన చెయ్యి, ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

తర్వాతి పని దగ్గరకొచ్చేసరికి అందరూ మౌనంగా ఉన్నారు. డైపర్ మార్చాలి. కోడలు తల దించుకుని ఒక అడుగు వేసింది, అది తన పనే అన్నట్టు. మామగారి ఒంటిమీద బట్ట తీయాలంటే ఆ పిల్లకు ఎంత కష్టంగా ఉందో మొహంలో కనపడుతోంది. ఆయనకు ఇంకా కష్టంగా ఉంది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. సిస్టరమ్మ కోడల్ని ఆపి, కొడుకు చేతికి గ్లవుజులు ఇచ్చింది.

"ఇది నువ్వు నేర్చుకో బాబూ. మీ నాన్నే గదా."

"నేను పొలం పోవాలి మేడం, మిరపకోతలు నడుస్తున్నాయి..."

"పొద్దున పోయేముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి. మధ్యలో అమ్మ చూసుకుంటది. మొత్తం ఈ పిల్ల మీద వేస్తే నెలకే మంచాన పడతది. అప్పుడు మీ ఇంట్లో ఇద్దరు పేషెంట్లు."

అతను కాసేపు ఏమీ అనలేదు. గ్లవుజులు తొడుక్కున్నాడు. కర్టెన్ లాగారు, ఆడవాళ్ళు బయటికి నడిచారు. లోపల్నుంచి సిస్టరమ్మ గొంతు వినపడుతోంది. ముందునుంచి వెనక్కే తుడవాలి. తడి లేకుండా అద్దాలి. యూరిన్ పైపు తొడకు అతికించి ఉంచాలి, లాగితే లోపల చీరుకుంటుంది. బ్యాగు ఎప్పుడూ నడుముకన్నా కిందే వేలాడాలి, నేలకు మాత్రం తగలకూడదు. ఆ తర్వాత ఒక మాట అంది. పల్నాడు ఊళ్ళు తెలిసినవాళ్ళే అనగలిగే మాట. "మిరపకాయలు కోసిన చేతుల్తో ఈ పైపు ముట్టుకోకు. సబ్బుతో రెండుసార్లు కడుక్కో, అయినా గ్లవుజు వేసుకో. ఆయన మంట అని చెప్పలేడు."

మనలో చాలా ఇళ్ళల్లో పేషెంట్‌ను చూసుకోవడమంటే ఆ ఇంటి కోడలో, భార్యో, పెళ్ళికాని కూతురో అని రాసిపెట్టి ఉన్నట్టే ప్రవర్తిస్తాం. ఆసుపత్రి కూడా ఆడమనిషి కనపడగానే ఆమెకే నేర్పి పంపేస్తుంది. ఈ సిస్టరమ్మ ఆ గ్లవుజులు కొడుకు చేతికివ్వడం నా దృష్టిలో ఈ వార్డులో ఇవాళ జరిగిన పనులన్నిట్లోకీ పెద్దది.

కర్టెన్ తీశాక పెద్దమ్మ సిస్టరమ్మను పక్కకు పిలిచింది. "నిజం చెప్పు తల్లీ. ఇవన్నీ చేస్తే మళ్ళీ లేచి నడుస్తాడా?"

"నేను మాటివ్వలేనమ్మా. కసరత్తు చేయించండి, వారానికోసారైనా ఫిజియోథెరపీకి తీసుకెళ్ళండి. ఎంత వస్తుందో చూద్దాం. కానీ పుండు పడకుండా, నిమ్ము చెయ్యకుండా చూసుకోవడం మాత్రం చాలావరకు మీ చేతిలో ఉంది."

నడుస్తాడని మాటివ్వలేనన్నది ఊరికే జాగ్రత్తకు చెప్పిన మాట కాదు. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1250 మంది పక్షవాత రోగులతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. కొన్ని కుటుంబాలకు ఇంట్లో కసరత్తులు ఎలా చేయించాలో నేర్పారు, మిగతావారికి మామూలుగా అందే వైద్యమే. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలలు గడిచేసరికి చనిపోయినవారు, ఒకరి మీద ఆధారపడి బతుకుతున్నవారు రెండు వైపులా ఇంచుమించు ఒకేలా ఉన్నారు. ఇంటివాళ్ళకు నాలుగు కసరత్తులు నేర్పి పంపితే ఫిజియోథెరపిస్టు లేని లోటు తీరదని దీన్నిబట్టి నాకు అర్థమైంది. ఆ లోటు ప్రభుత్వాలు తీర్చాల్సిందే, కుటుంబాల నెత్తిన రుద్దకూడదు. పడిపోయిన చేతికి బలం రప్పించడం వేరు, మంచాన ఉన్న మనిషికి పుండు పడకుండా, పొలమారకుండా చూడటం వేరు. ఇవాళ ఈ వార్డులో నేర్పుతున్నది రెండోది. తెలియక చేసే పొరపాటుతో మనిషికి ఇంకో బాధ తగలకుండా కాపాడటం. పెద్దమ్మకు ఆశ చంపకుండా, అబద్ధం చెప్పకుండా సిస్టరమ్మ ఆ తేడా చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం. అంబులెన్స్ వచ్చింది. స్ట్రెచర్ మీదకు మార్చగానే వార్డుబాయ్ అలవాటుగా యూరిన్ బ్యాగు తీసి పెద్దాయన పొట్టమీద పెట్టాడు. కొడుకు చెయ్యి చాచి బ్యాగు తీసి స్ట్రెచర్ పక్క కమ్మీకి తగిలించాడు. పైన పెడితే బ్యాగులోది వెనక్కి పారి ఇన్‌ఫెక్షన్ వస్తుందని నిన్నటిదాకా అతనికి తెలియదు. సిస్టరమ్మ చీటీ వెనక వార్డు ఫోన్ నంబరు రాసిచ్చింది, రాత్రయినా చెయ్యండని.

నరసరావుపేట దాటాక రోడ్డుకు రెండువైపులా కళ్ళాల్లో ఎర్రగా మిరప. ఘాటు అంబులెన్స్ లోపలికి కూడా వస్తోంది. ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. నులకమంచం పక్కన పెట్టేశారు. అది మధ్యలో కుంగుతుంది, పక్క మార్చడానికి రాదు. తల వైపు ఎత్తడానికి హ్యాండిల్ ఉన్న ఇనుప మంచం, ఎయిర్‌బెడ్ అద్దెకు తెచ్చారు. హైదరాబాదులో ఉన్న కూతురు డబ్బు పంపింది. గోడమీద మేకుకు ఒక నోటుబుక్కు వేలాడుతోంది. ఏ వేళకు పక్క మార్చారో, ఎంత పోశారో, బ్యాగులో ఎంత వచ్చిందో, ఎవరు చేశారో. చివరి గడి సిస్టరమ్మ పట్టుబట్టి గీయించింది. ఒకే పేరు పేజీ నిండా కనపడితే ఆ మనిషికి నిద్ర లేదని అర్థం.

రాత్రి రెండు. ఫోన్‌లో అలారం. కరెంటు పోయింది. ఎయిర్‌బెడ్ మోటారు ఆగి, పరుపు మెల్లగా కిందికి దిగిపోతోంది. ఎయిర్‌బెడ్ ఉంది కదా అని పక్క మార్చడం మానొద్దని సిస్టరమ్మ చెప్పింది ఇందుకే. కోడలు టార్చి పట్టుకుంది, కొడుకు తండ్రిని ఒత్తిగిలబెట్టాడు. మీరూ ఆ వెలుతురులో చూడండి. ముక్కు దగ్గర గీత కనపడటం లేదు, వేలెడు బయటికి వచ్చేసింది. దగ్గినప్పుడో, ఎడమచేత్తో తనే లాక్కున్నాడో.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొంచెం లోపలికి తోస్తే సరిపోతుందనిపిస్తుంది, అర్ధరాత్రి ఎవరికైనా. తోయలేదు. వార్డుకు ఫోన్ చేశారు. నైట్ సిస్టర్ ఎత్తింది. "మంచి పని చేశారు. ఏమీ పొయ్యొద్దు. తెల్లారగానే దగ్గర్లో ఆసుపత్రికి తీసుకెళ్ళి మార్పించండి. ఆయాసం వస్తే మాత్రం ఆగకుండా 108కి చెయ్యండి." పొద్దున్నే నరసరావుపేట తీసుకెళ్ళి కొత్తది వేయించుకొచ్చారు. ఆ రాత్రి గీత సంగతి తెలియక ఒక్క సిరంజి జావ పోసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

మూడో రోజు నుంచి చూడటానికి వచ్చేవాళ్ళు. పెద్దాయన అక్కగారు కొబ్బరిబొండం కొట్టించుకుని గ్లాసూ చెంచా పట్టుకొచ్చింది. తమ్ముడి మీద ప్రాణం ఆమెకు. "నోరెండిపోయింది నాయనకు, ఒక్క చెంచా" అంటూ పెదాల దాకా తెచ్చింది. ఆ ఒక్క చెంచా గొంతులో పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దగ్గు కూడా సరిగా రాని మనిషి కాబట్టి ఎవరికీ తెలియకుండానే పోవచ్చు. కానీ అత్తింటి పెద్దావిడకు వద్దని కోడలు ఎలా చెప్పాలి? దానికీ సిస్టరమ్మ దారి చూపించే పంపింది.

"డాక్టరుగారు మాతో ఒట్టు పెట్టించుకున్నారత్తా, నోట్లో చుక్క కూడా పొయ్యబోమని. నువ్వే పొయ్యాలనుకుంటే గొట్టంలో పోద్దాం రా, నేను చూపిస్తా."

అంది, చూపించింది. గుడ్డలో వడగట్టిన కొబ్బరినీళ్ళు సిరంజిలో మెల్లగా దిగుతుంటే ఆ పెద్దావిడ తమ్ముడి తల నిమురుతూ కూర్చుంది.

వచ్చినవాళ్ళలో ఒకాయన మంచం పక్కనే నిలబడి, "మనుషుల్ని గుర్తుపట్టట్లేదంటగా, ఇట్టా ఎన్నాళ్ళో" అన్నాడు. పెద్దాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెద్దమ్మ చూసింది. "మాటే పోయింది, తెలివి పోలేదు. అన్నీ వింటన్నాడు" అని, మంచం మీదకు వంగి, "ఏమయ్యా, వేణ్ణీళ్ళతో ఒళ్ళు తుడవనా? అయితే చెయ్యి నొక్కు" అంది. ఆయన ఎడమచెయ్యి ఆమె వేళ్ళను గట్టిగా నొక్కింది. ఇది కూడా పదకొండో బెడ్డు దగ్గర నేర్చుకున్నదే.

ఈ ఇంటికి అదృష్టవశాత్తూ అలాంటి సిస్టరమ్మ దొరికింది. అదృష్టం మీద వదిలేసే విషయం కాదిది. బెంగళూరులో మొదలైన నూరా హెల్త్ అనే సంస్థ కొన్ని రాష్ట్రాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుల చేత వార్డుల్లోనే బంధువులకు నేర్పిస్తోంది. వరండాలో గంటల తరబడి ఊరికే కూర్చునే మనవాళ్ళ సమయం అలా అక్కరకొస్తోంది. కేరళలో 2008లోనే పాలియేటివ్ కేర్‌కు, అంటే నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవకు, ప్రభుత్వ విధానం వచ్చింది. పంచాయతీల తరఫున నర్సులు మంచాన ఉన్నవాళ్ళ ఇళ్ళకే వెళ్ళి చూసి వస్తారు. తెలంగాణలో జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలున్నాయి, ఇంటికి వచ్చే బృందాలున్నాయి. ఈ ఇల్లున్న చోట అలాంటి నర్సమ్మ గడప తొక్కితే ఆ నోటుబుక్కులో ఇంకో పేరు చేరుతుంది.

మీ ఇంటి మనిషి ఇప్పుడు ఆసుపత్రిలో ఉంటే బిల్లు కట్టే పూట దాకా ఆగకండి. డిశ్చార్జి మాట వినపడిన రోజే సిస్టరమ్మను అడగండి, పక్క మార్చడం, గొట్టంలో పొయ్యడం, పైపు చూసుకోవడం మా చేత ఆమె ముందే చేయించమని. ఒక్కరు కాదు, ఇంట్లో కనీసం ఇద్దరు నేర్చుకోండి, అందులో ఒకరు మగమనిషి అవ్వాలి. ఏ మాత్ర నూరకూడదో రాయించుకోండి. దేనికి ఫోన్ చెయ్యాలో, దేనికి 108 పిలవాలో అడిగి తెలుసుకోండి. వార్డు ఫోన్ నంబరు చేతిలో పడకుండా ఆ గేటు దాటకండి.